తుడా నోటీసు పడితే అభ్యంతరం ఎలా రాయాలి: తిరుపతి శివారు ఊళ్ల వాళ్ల కోసం

తిరుపతి చుట్టూ ఉన్న ఊళ్లలో లేఅవుట్ గొడవ ఎక్కడ మొదలైనా ముందు వినిపించే మాట ఒకటే: "మాకెవరూ చెప్పలేదు." వంక పూడుస్తున్నారనీ, మామిడి తోట ప్లాట్లయిపోతోందనీ తెలిసేసరికి టిప్పర్లు గ్రావెల్ తోలుతుంటాయి. తీరా విచారిస్తే తుడా, అంటే తిరుపతి పట్టణాభివృద్ధి సంస్థ, ప్రకటన ఎప్పుడో ఇచ్చి ఉంటుంది. గెజిట్‌లో పడి ఉంటుంది. పేపర్లో లోపలి పేజీలో, టెండర్ నోటీసుల మధ్య చిన్న అక్షరాల్లో వచ్చి ఉంటుంది. "అభ్యంతరాలు, సలహాలు ఉంటే 15 రోజుల్లోగా తెలపండి" అన్న వాక్యం కూడా చివర్లో ఉండే ఉంటుంది. ఆ గడువు దాటాక ఎంత మొత్తుకున్నా ఫైల్లో మాత్రం "అభ్యంతరాలేవీ రాలేదు" అనే రాసుకుంటారు.

ఆ ముక్క ఫైల్లోకి ఎక్కకుండా చూడటం మన చేతిలో ఉన్న పని. దానికి లాయరు అక్కర్లేదు, లీడరూ అక్కర్లేదు. నాలుగు కాగితాలు చదవాలి, పొలం మీదికి వెళ్లి చూడాలి, ఒకటిన్నర పేజీ అర్జీ రాయాలి, రసీదు తీసుకోవాలి. వీటిలో ఏది ఎలా చేయాలో కింద రాస్తున్నాను.

ముసాయిదా దశలోనే రాయమని ఇంతగా ఎందుకు చెబుతున్నానంటే, మన అవిలాల, పేరూరు చెరువుల సంగతి ఉంది. 1991లో అవిలాల చెరువు భూమి 90 ఎకరాలను హౌసింగ్ బోర్డుకు, 1994లో పేరూరు చెరువు భూమి 150 ఎకరాలను టీటీడీకి ఇస్తూ ప్రభుత్వం జీవోలు ఇచ్చింది. తిరుపతికే చెందిన ఇంటలెక్చువల్స్ ఫోరం దీని మీద హైకోర్టుకు వెళ్లింది. అక్కడ కొట్టేస్తే సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2006 ఫిబ్రవరిలో తీర్పు వచ్చింది. చెరువుల్లాంటి వనరులకు ప్రభుత్వం ప్రజల తరఫున ధర్మకర్త మాత్రమేనని కోర్టు చెప్పింది. రెండు చోట్లా ఇక కొత్త కట్టడాలు వద్దంది. పేరూరు చెరువుకు నీళ్లు తెచ్చే బోడెద్దుల వంకను బాగుచేయమంది. అవిలాలలో అప్పటికే కట్టిన ఇళ్లకు వాననీరు ఇంకే ఏర్పాట్లు ఉండాలనీ, అక్కడ బోర్లు వేయకూడదనీ ఆదేశించింది. దేశమంతా చెరువుల కేసుల్లో ఈ తీర్పును చూపిస్తారు. మన తిరుపతి వాళ్లు సాధించింది అది. అయినా అన్నేళ్ల తర్వాత తీర్పు వచ్చేసరికి చెరువులో ఇళ్లు లేచి ఉన్నాయి, వాటిని కోర్టు కూల్చమనలేదు. గెలిచిన కేసులో కూడా పోయిన చెరువు పూర్తిగా తిరిగి రాలేదు.

2021 నవంబరు కూడా గుర్తుండే ఉంటుంది. శేషాచలం కొండల మీద కురిసిన వాన నగరం మీదుగా దక్షిణాన స్వర్ణముఖిలోకి దిగాలి. మధ్యలో గొలుసుకట్టుగా చెరువులు, వాటిని కలిపే వంకలు ఉన్నాయి. ఆ దారులు ఎక్కడ ఇరుకైతే అక్కడ నీళ్లు కాలనీల్లోకి వచ్చాయి. రాయలచెరువు కట్ట తెగుతుందేమోనన్న భయంతో కింద ఊళ్లను ఖాళీ చేయించారు. కాబట్టి శివారులో ఒక సర్వే నంబరు ప్లాను మ్యాపులో రంగు మారడం, అంటే దాని భూ వినియోగం మారడం అనేది ఆ భూమి యజమానికీ కొనేవాడికీ మాత్రమే సంబంధించిన విషయం అనుకోవద్దు. దిగువన ఉన్న వీధి వీధంతటికీ అందులో మాట చెప్పే హక్కుంది.

మీ ఊరు ఎవరి కింద ఉందో ముందు తేల్చుకోండి

కార్పొరేషన్ హద్దుల్లో ఉంటే నగరపాలక సంస్థ టౌన్ ప్లానింగ్ విభాగం చూస్తుంది. హద్దు దాటి పంచాయతీలోకి వస్తే, ఆ పంచాయతీ తుడా పరిధిలో ఉన్నప్పుడు, ప్లాను వ్యవహారం తుడాది. చిత్తూరు వైపు వాళ్లకు చుడా (చిత్తూరు పట్టణాభివృద్ధి సంస్థ) ఉంది. పలమనేరు, కుప్పం వైపు వేరే పట్టణాభివృద్ధి సంస్థ ఉంది. చాలా ఊళ్లలో రోడ్డుకు ఈ పక్క కార్పొరేషన్, ఆ పక్క పంచాయతీ. కాబట్టి ఊరి పేరు చూసి ఊహించకుండా సర్వే నంబరు చెప్పి సచివాలయంలో అడగండి. వార్డు సచివాలయమైతే ప్లానింగ్ సెక్రటరీ, గ్రామ సచివాలయమైతే పంచాయతీ కార్యదర్శి చెప్పగలరు.

ఇంకొక మాట. "పంచాయతీ అప్రూవ్డ్" అని బోర్డు పెట్టినంత మాత్రాన లేఅవుట్‌కు అనుమతి వచ్చినట్టు కాదు. సాంకేతిక అనుమతి పట్టణాభివృద్ధి సంస్థ నుంచి రావాలి, దానికి ఎల్‌పీ నంబరు (లేఅవుట్ అనుమతి నంబరు) ఉంటుంది. బోర్డు మీద ఆ నంబరు లేకపోతే అనుమానించాల్సిందే.

ఏ నోటీసుకు ఎంత గడువు

మాస్టర్ ప్లాన్ ముసాయిదా వేరు, ఒక సర్వే నంబరుకు భూ వినియోగం మార్చే ప్రకటన వేరు, భూసేకరణ నోటీసు వేరు. మాస్టర్ ప్లాన్ ముసాయిదా గడువు ఆ నోటీసులోనే రాసి ఉంటుంది. వినియోగ మార్పు ప్రకటనకు మామూలుగా 15 రోజులు ఇస్తారు. 2013 భూసేకరణ చట్టం కింద ప్రాథమిక ప్రకటన వస్తే అభ్యంతరానికి 60 రోజులు. జాతీయ రహదారి చట్టం కింద అయితే 21 రోజులే. బైపాస్‌కు భూమి పోయే రైతులు 60 రోజులుందని ధీమాగా ఉంటే దెబ్బతింటారు. కాగితం పైన ఏ చట్టం పేరుందో అది మొదట చదవండి.

నోటీసు మన ఇంటికి నడిచి రాదు. ఊళ్లో ఒక పది మంది కలిసి పని పంచుకోండి. ఒకరు రోజూ పేపర్ల జిల్లా పేజీలు చూడాలి. ఒకరు వారానికి రెండుసార్లు రాష్ట్ర గెజిట్ వెబ్‌సైట్‌లో మండలం పేరుతో వెతకాలి. ఇంకొకరు పంచాయతీ ఆఫీసు, తుడా ఆఫీసు నోటీసు బోర్డులు చూస్తుండాలి. కనిపించినదాన్ని వెంటనే ఫొటో తీసి ఊరి వాట్సాప్ గ్రూపులో పెట్టాలి. కాలేజీ పిల్లలకు అప్పగిస్తే ఇది తేలిగ్గా సాగుతుంది. వాళ్లకు ఫోన్ మీద ఓపిక ఎక్కువ, ఊరి మీద ప్రేమ కూడా ఉంటుంది, అడిగేవాళ్లు లేక గానీ.

నోటీసును కింది నుంచి పైకి చదవండి

వినియోగ మార్పు ప్రకటనలో పైన చట్టం భాష ఉంటుంది. అసలు సరుకు చివర్లో ఉన్న షెడ్యూలులో. ఏ గ్రామం, ఏ సర్వే నంబర్లు, ఎంత విస్తీర్ణం, ఇప్పుడు ఏ జోన్, ఏ జోన్‌గా మార్చబోతున్నారు, నాలుగు వైపులా హద్దులేమిటి. ఈ హద్దుల వరసలోనే చాలా సంగతులు బయటపడతాయి. తూర్పున ఫలానా సర్వే నంబరు, పడమర రోడ్డు అని రాసి ఉన్నచోట నిజానికి వంక ఉంటే, మీ అభ్యంతరంలో సగం పని అక్కడే అయిపోయినట్టు.

మాస్టర్ ప్లాన్ ముసాయిదా అయితే మ్యాపు చూడాలి. సాధారణంగా పసుపు నివాసానికి, నీలం వాణిజ్యానికి వాడతారు. ఏదైనా మ్యాపు మూలన ఉన్న సూచిక చూసుకుని సరిపోల్చుకోండి. ప్రతిపాదిత రోడ్ల గీతలను మాత్రం చాలా జాగ్రత్తగా చూడండి. 60 అడుగులు, 80 అడుగులు, 100 అడుగులు అని గీసిన రోడ్డు మీ ఇంటి మీదుగానో, కూతురి పెళ్లికని కొనిపెట్టుకున్న ప్లాటు మీదుగానో పోతుందేమో ఇప్పుడే తెలియాలి. ప్లాను ఖరారయ్యాక ఇల్లు కట్టుకోవడానికి అనుమతికి వెళితే "మీది రోడ్డులో పోతోంది" అంటారు. ఆ మాట విని మెట్ల మీద కూలబడిన వాళ్లను చూశాను. అప్పుకు వడ్డీ కడుతూ, కట్టుకోవడానికి లేక, అమ్ముకోవడానికి లేక వాళ్లు పడే టెన్షన్ ఎవరికీ వద్దు.

రికార్డులు తీయండి

మీకు కావాల్సినవి గ్రామ పటం, ఆ సర్వే నంబర్ల ఎఫ్‌ఎంబీ (కొలతలతో గీసిన పటం), అడంగల్ (సాగు వివరాల రికార్డు), 1బీ (భూమి ఎవరి పేరున ఉందో చూపే రికార్డు). మీభూమి వెబ్‌సైట్‌లో కొన్ని దొరుకుతాయి. మిగిలినవి గ్రామ సర్వేయర్‌ను, వీఆర్వోను అడగాలి. పాత సెటిల్‌మెంట్ నాటి రిజిస్టరు నకలు తహసీల్దారు ఆఫీసు నుంచి తీసుకోగలిగితే ఇంకా మంచిది. భూమి ఇప్పుడు ఎవరి పేరున ఉన్నా, అప్పట్లో చెరువు పోరంబోకుగా, కాలువ పోరంబోకుగా, వంక పోరంబోకుగా ఎక్కిందేమో అందులో తెలుస్తుంది. డీకేటీ పట్టా (ప్రభుత్వం పేదలకు ఇచ్చిన) భూమా, రిజిస్ట్రేషన్ చేయకూడని 22ఏ నిషేధిత జాబితాలో ఉందా అన్నది కూడా చూసుకోండి.

ఎఫ్‌ఎంబీ చూసి చాలామంది భయపడతారు. గీతలు, అంకెలు తప్ప ఏమీ అర్థం కాదు. ఒక్క కిటుకు తెలిస్తే చాలు. పాత ఎఫ్‌ఎంబీల్లో కొలతలు లింకుల్లో ఉంటాయి. 100 లింకులంటే 66 అడుగులు, అంటే 5 లింకులు దాదాపు ఒక మీటరు. వంకకు ఇటు గట్టు నుంచి అటు గట్టుకు 60 లింకులు చూపిస్తే, నేల మీద అది సుమారు 12 మీటర్లు ఉండాలి. మీరు టేపు పట్టి కొలిస్తే 4 మీటర్లే వచ్చిందనుకోండి, మిగతా 8 మీటర్లు ఎక్కడికి పోయాయన్న ప్రశ్నకు అధికారులు జవాబు చెప్పక తప్పదు.

రీసర్వే పూర్తయిన గ్రామాల్లో పాత సర్వే నంబర్ల బదులు ఎల్‌పీఎం (ల్యాండ్ పార్శిల్ మ్యాప్) నంబర్లు వచ్చాయి. నోటీసులో ఒకటి, మీ దగ్గరున్న కాగితంలో ఇంకొకటి ఉంటే తికమక పడొద్దు. రెండూ పక్కపక్కన రాసి అర్జీలో పెట్టండి. "మీరు చెబుతున్న నంబరు ఈ ప్రకటనకు సంబంధించినది కాదు" అని తిప్పి పంపడానికి సందు ఇవ్వకూడదు.

నేల మీద నడవండి

రికార్డు ప్రింటు చేతిలో పట్టుకుని, ఊళ్లో పెద్దవాళ్లను వెంటబెట్టుకుని వెళ్లండి. ముఖ్యంగా చెరువు నీళ్లు పొలాలకు వదిలే నీరుగంటి కుటుంబం వాళ్లెవరైనా ఉంటే బతిమాలైనా తీసుకెళ్లండి. ఏ తూము కింద ఏ మడి పారేది, చెరువు మొరవ (అలుగు) పోతే నీళ్లు ఎటు తిరిగేవి, 2021లో ఏ గట్టు తెగింది అనేవి ఏ కంప్యూటర్లోనూ లేవు, వాళ్ల దగ్గరే ఉన్నాయి. వాళ్లు చెప్పింది పేరు, వయసుతో సహా రాసుకుని సంతకమో వేలిముద్రో తీసుకోండి.

ఏం చూడాలో తెలియడానికి ఒకటి చెబుతాను. చంద్రగిరి వైపు ఒక లేఅవుట్‌కు వేసిన దారి చూశాను. అడ్డంగా ఒక వంక ఉంది. పైన వంక వెడల్పు ఇద్దరు మనుషులు చేతులు చాపి నిలబడినా అందనంత. దారి కింద మాత్రం రెండు సిమెంటు పైపులు వేసి, మీద గ్రావెల్ పోసి చదును చేశారు. పైపుల నోటి దగ్గర అప్పటికే కంప, ప్లాస్టిక్ కవర్లు అడ్డం పడి సగం మూసుకుపోయి ఉన్నాయి. వాన లేని రోజు చూస్తే అది చక్కటి రోడ్డు. వాన రోజున అదే కట్ట అవుతుంది, నీళ్లు పక్కనున్న బీసీ కాలనీలోకి మళ్లుతాయి. ఇలాంటి చోట నిలబడి పైపుల వ్యాసం కొలవండి, వంక వెడల్పు కొలవండి, రెండూ కనిపించేలా ఫొటో తీయండి. ఫోన్లో తేదీ, లొకేషన్ పడేలా పెట్టుకోండి. కుదిరితే వాన పడ్డ మర్నాడు మళ్లీ వెళ్లండి.

కొలతలు తీసేటప్పుడు ఈ లెక్క గుర్తుంచుకోండి. 2017 భవన నిబంధనల ప్రకారం 10 హెక్టార్లు, ఆపైన విస్తీర్ణమున్న చెరువైతే పూర్తి నీటిమట్టం హద్దు నుంచి 30 మీటర్ల లోపు కట్టడాలు రాకూడదు. అంతకంటే చిన్న చెరువులు, కుంటలకు 9 మీటర్లు. నీళ్లు ఇప్పుడు ఎక్కడ దాకా ఉన్నాయన్నది లెక్కలోకి రాదు. చెరువు నిండితే ఎక్కడ దాకా వస్తాయో అక్కడి నుంచి కొలవాలి. ఎండిన చెరువును చూపించి "ఇక్కడ నీళ్లెక్కడున్నాయి" అనే వాళ్లకు చెప్పాల్సిన జవాబు ఇదే. ఆ హద్దు రాళ్లు నాటారా లేదా అన్నది నీటిపారుదల శాఖను అడగండి.

అర్జీ రాయడం

ఇక్కడే ఎక్కువ మంది తడబడతారు. "ఈ లేఅవుట్ వల్ల మా ఊరికి తీరని అన్యాయం జరుగుతుంది, దయచేసి ఆపండి" అని రాస్తే చదివే అధికారికి పని ఏమీ ఉండదు. సాధారణ అభ్యంతరం అని రాసి పక్కన పెట్టేస్తారు. ప్రతి అభ్యంతరంలోనూ మూడు ఉండాలి: ఏ చోటు, ఏ రికార్డు ప్రకారం, ఏం చేయమంటున్నారు. చివరిది చాలామంది మర్చిపోతారు. ఒక నమూనా ఇస్తున్నాను, ఖాళీలు నింపుకోండి, మీ మాటల్లోకి మార్చుకోండి.

"గౌరవనీయులైన వైస్ చైర్మన్ గారికి, తిరుపతి పట్టణాభివృద్ధి సంస్థ.

విషయం: ........ మండలం ........ గ్రామం సర్వే నంబర్లు ........ భూ వినియోగ మార్పు ముసాయిదా ప్రకటన తేదీ ........ పై అభ్యంతరాలు, సలహాలు.

అయ్యా, నేను పై గ్రామంలో ........ వీధిలో ఉంటున్నాను. ప్రతిపాదిత భూమికి మా ఇల్లు దిగువన సుమారు ........ మీటర్ల దూరంలో ఉంది.

ఒకటి. ప్రకటనలో పడమటి హద్దుగా పట్టా భూమి అని చూపారు. జతపరిచిన ఎఫ్‌ఎంబీ నకలు ప్రకారం ఆ హద్దు వెంట వంక పోరంబోకు ఉంది. తుది నిర్ణయానికి ముందు మండల సర్వేయర్‌తో ఉమ్మడి సర్వే చేయించి, వంక హద్దులకు రాళ్లు నాటించాలని కోరుతున్నాను. ఆ సర్వేకు నాకు ముందుగా కబురు చేయగలరు.

రెండు. ఈ భూమికి ఎగువన ఉన్న చెరువు పూర్తి నీటిమట్టం హద్దు నుంచి 30 మీటర్ల స్థలాన్ని ఖాళీగా వదలాలన్న నిబంధనను తుది ఉత్తర్వులో షరతుగా చేర్చాలి.

మూడు. 2021 నవంబరులో ఈ వంక పొంగి మా వీధిలో నీళ్లు నిలిచాయి. ఫొటోలు జతపరిచాను. దారి కోసం వేసిన పైపుల స్థానంలో వంక పూర్తి వెడల్పుకు సరిపడా కల్వర్టు కట్టిన తర్వాతే లేఅవుట్‌కు అనుమతి ఇవ్వాలి.

విచారణ జరిపితే స్వయంగా హాజరై చెప్పుకునే అవకాశం ఇవ్వాలని ప్రార్థన. నా అభ్యంతరాలపై తీసుకున్న నిర్ణయాన్ని కారణాలతో రాతపూర్వకంగా తెలపగలరు."

కింద పేరు, చిరునామా, ఫోన్, సంతకం, తేదీ, జతపరిచిన కాగితాల జాబితా. ఇంతే. కోపం ఎంత ఉన్నా ఎవరినీ తిట్టొద్దు, లంచం మాట ఎత్తొద్దు, రుజువు లేని పేర్లు రాయొద్దు. ఒక్క నిందా వాక్యం ఉంటే మిగతా పేజీ అంతా దాని కిందే మరుగున పడిపోతుంది.

అభ్యంతరం అంటే వద్దనడమే కానక్కర్లేదు. మన శివారు పెరగాలి, పెరుగుతుంది. రేణిగుంట రోడ్డు వైపు పని కోసం వచ్చిన కుటుంబాలకు ఇళ్లు కావాలి. నీళ్లు లేక సేద్యం మానేసిన రైతు తన రెండెకరాలకు మంచి ధర ఆశించడంలో తప్పేమీ లేదు. ఆ రైతు కూడా మన ఊరి వాడే. అందుకే ప్రకటనలో సలహాలు అన్న మాట కూడా ఉంటుంది. బడికి స్థలం ఎక్కడ వదలాలి, అంగన్‌వాడీ ఎక్కడ ఉండాలి, శ్మశానానికి దారి మూసుకుపోకుండా ఎలా ఉంచాలి, మురుగునీరు చెరువులోకి పోకుండా ఎటు మళ్లించాలి అని రాయండి. శ్మశానం దారి సంగతి ముఖ్యంగా ఎస్సీ కాలనీల వాళ్లు తప్పకుండా రాయాలి. ప్లాన్లో గీయని దారి ప్రహరీ లేచిన రోజున మాయమవుతుంది, శవాన్ని మోసుకుని గేటు ముందు నిలబడి బతిమాలాల్సి వస్తుంది. ఇంతకంటే అవమానం ఏముంటుంది.

ఇచ్చేటప్పుడు

నోటీసులో ఎవరికి ఇవ్వమన్నారో వాళ్లకే ఇవ్వండి. మూడు ప్రతులు తీసుకుని, ఆఫీసులో కాగితాలు తీసుకునే టప్పాలు సెక్షన్‌కు వెళ్లండి. ఒకటి ఇచ్చి, రెండో దాని మీద తేదీతో ఆఫీసు స్టాంపు, ఇన్‌వార్డ్ నంబరు వేయించుకోండి. "సార్ లేరు, రేపు రండి" అంటే వాదన పెట్టుకోకుండా నేరుగా పోస్టాఫీసుకు వెళ్లి స్పీడ్ పోస్టు చేయండి, రసీదు అర్జీకి పిన్ను కొట్టి దాచండి. స్కాన్ చేసి ఆఫీసు ఈమెయిల్‌కు కూడా పంపండి. ఆఖరి రోజు దాకా ఆగొద్దు. బ్రహ్మోత్సవాల సమయంలోనో, వరస సెలవుల్లోనో గడువు పడితే ఇంకా ముందే ఇచ్చేయాలి.

ఒకే కాగితం మీద రెండు వందల సంతకాలు పెట్టించడం మనకు అలవాటు. నా ఉద్దేశంలో ఇరవై మంది ఎవరి అర్జీ వాళ్లు ఇస్తే బలం ఎక్కువ. దిగువ వీధి వాళ్లు వరద గురించి, ఆయకట్టు రైతు కాలువ గురించి, పిల్లల తల్లి బడి దారి గురించి ఎవరి నష్టం వాళ్లు రాయాలి. అన్నీ ఒకే జిరాక్స్ అయితే ఒకే జవాబుతో పోతాయి.

పంచాయతీ ఊరైతే సర్పంచిని కలిసి గ్రామసభలో ఈ అంశం పెట్టించండి. చర్చ జరిగాక తీర్మానం పుస్తకంలో ఏం రాశారో అక్కడే చదివించుకుని, నకలు తీసుకోండి. "సభ్యులు చర్చించారు" అని వదిలేస్తే పనికిరాదు. "ఫలానా సర్వే నంబరులో వంక హద్దులు తేల్చే వరకు అనుమతి ఇవ్వవద్దని తీర్మానించడమైనది" అని ఉండాలి. సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో కూడా ఒక ప్రతి ఇవ్వొచ్చు. అది అదనపు దారి మాత్రమే. అక్కడ ఇచ్చాం కదా అని ప్రకటనకు జవాబు ఇవ్వకుండా ఉండొద్దు.

విచారణకు పిలిస్తే ఊరంతా వెళ్లినా మాట్లాడేది ఇద్దరు ముగ్గురే అయితే మంచిది. ఎఫ్‌ఎంబీని పెద్దగా ప్రింటు తీయించి, వంకను నీలం స్కెచ్ పెన్నుతో గీసుకుని పట్టుకెళ్లండి. మూడు నిమిషాల్లో చెప్పేయండి. మీ ఊరి పెద్దాయన మాట్లాడేటప్పుడు మధ్యలో అందుకోకండి. బయటికి వచ్చాక అక్కడ చెప్పిందంతా అదే రోజు కాగితం మీద పెట్టి, "ఈ రోజు విచారణలో నేను విన్నవించినవి" అని మళ్లీ టప్పాలులో ఇచ్చేయండి. నోటితో చెప్పింది ఫైల్లో ఉండదు.

జవాబు రాకపోతే ఆర్టీఐ

అర్జీ ఇచ్చి నెల దాటినా కబురు లేకపోతే 2005 సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి. మన రాష్ట్రంలో గ్రామ స్థాయి ఆఫీసుకైతే ఫీజు లేదు, మండల స్థాయికి 5 రూపాయలు, ఆపై ఆఫీసులకు 10 రూపాయలు. తెల్లకార్డు వాళ్లకు ఫీజు ఉండదు. "నా అర్జీ ఏమైంది" అని అడిగితే "పరిశీలనలో ఉంది" అని వస్తుంది. ఇలా అడగండి: ఫలానా ప్రకటనకు వచ్చిన అభ్యంతరాల జాబితా, వాటిపై రాసిన నోట్ ఫైలు నకళ్లు, క్షేత్ర పరిశీలన నివేదిక, నీటిపారుదల శాఖ ఇచ్చిన అభిప్రాయం. నకళ్లకు పేజీకి 2 రూపాయలు. ఫైలు చూస్తానని రాస్తే మొదటి గంట ఉచితం. 30 రోజుల్లో జవాబు రావాలి. రాకపోతే మరో 30 రోజుల్లోగా అదే ఆఫీసులో మొదటి అప్పీలు, తర్వాత 90 రోజుల్లోగా రాష్ట్ర సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు.

ఫైలు చూడటానికి వెళ్లినప్పుడు మీ అర్జీ ఆ ఫైల్లో ఉందో లేదో ముందు చూడండి. లేకపోతే ఇన్‌వార్డ్ నంబరు చూపించి, అక్కడికక్కడే రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. ఆ స్టాంపు ఎందుకు వేయించుకోమన్నానో అప్పుడు తెలుస్తుంది.

తుది ఉత్తర్వు వచ్చాక

మీ షరతుల్లో ఏవి చేరాయో గెజిట్‌లో చూసుకోండి. ఒక్కటి చేరినా దాన్ని నేల మీద అమలు చేయించడం తర్వాతి పని. లేఅవుట్‌లో 10 శాతం ఖాళీ స్థలాన్ని స్థానిక సంస్థ పేరున రాసివ్వాలి. ఆ గిఫ్ట్ డీడ్ నకలు పంచాయతీ నుంచి తీసుకుని, ప్లాన్లో పార్కు అని ఎక్కడ ఉందో గుర్తుపెట్టుకోండి. కొన్నేళ్లకు అదే చోట ప్లాటు అమ్మకానికి వస్తే ఆ నకలే మీ ఆధారం. 500 చదరపు మీటర్లు దాటిన ప్రాజెక్టు రెరాలో (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థలో) నమోదు కావాలి. ఆమోదం పొందిన ప్లాను రెరా వెబ్‌సైట్‌లో కనిపిస్తుంది, దానికీ నేల మీద ఉన్నదానికీ తేడా ఉంటే అక్కడ ఫిర్యాదు చేయొచ్చు.

చెరువు, వంక, కాలువ పూడ్చడం మొదలైతే చెన్నైలోని జాతీయ హరిత ట్రిబ్యునల్ దక్షిణ మండల బెంచి మన రాష్ట్రం కేసులు వింటుంది. వివాదానికి కారణమైన పని జరిగిన ఆరు నెలల్లోపు అక్కడికి వెళ్లాలి. గ్రామ ఉమ్మడి భూముల ఆక్రమణల మీద సుప్రీంకోర్టు 2011లో జగ్‌పాల్ సింగ్ కేసులో ఇచ్చిన తీర్పు, మన అవిలాల, పేరూరు చెరువుల మీద 2006లో వచ్చిన తీర్పు రెండూ ప్రింటు తీసి పెట్టుకోండి. లాయరు ఖర్చు భయం ఉంటే కోర్టు ఆవరణలో న్యాయసేవా సంస్థను కలవండి. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంటుంది. వెళ్లేటప్పుడు స్టాంపు పడిన అర్జీ ప్రతి, స్పీడ్ పోస్టు రసీదు, తేదీలతో ఉన్న ఫొటోలు, గ్రామసభ తీర్మానం నకలు, ఆర్టీఐ జవాబులు తేదీల వరసలో ఒక ఫైల్లో పెట్టుకుని వెళ్లండి. ఆ ఫైలుకు ఇంకో సెట్టు జిరాక్స్ తీయించి ఊళ్లో వేరే ఇంట్లో ఉంచండి.